టీ కప్పు దాకా నీళ్లు

మా మేనత్త దుకాణం ముందు గోడ ఇన్నేళ్లూ నిలబడ్డది మట్టి బలం వల్ల కాదని, దాని మీద కొట్టిన రేకు బోర్డుల వల్లనేనని మేస్త్రీ మొదటి రోజే తేల్చేశాడు. ఒక్కో బోర్డు ఊడదీస్తుంటే ఒక్కో పెళ్ల గోడ రాలింది. సాయంత్రానికి బోర్డులన్నీ ఒక పక్క, మట్టికుప్ప ఒక పక్క మిగిలాయి. గోడ అనేది మధ్యలో ఎక్కడా కనబడలేదు.

డెబ్బైల చివర్లో ఒక ఏడాది, చలికాలం వెళ్లిపోతున్న రోజులవి. బాన్సువాడలో వారపు అంగడికి పోయే తోవలో ఉండేది అత్త కిరాణా దుకాణం. మామ పోయినప్పటి నుంచి ఆమే నడిపేది. నేను ఇంటర్ పాసయ్యాను. తర్వాత ఏం చెయ్యాలో తెలియనివాళ్లందరూ చేసే పనే నేనూ చేస్తున్నాను, అంటే చుట్టాల దుకాణంలో కూర్చుంటున్నాను. మట్టిగోడ తీయించి సిమెంటు గోడ కట్టిస్తోంది అత్త. కొత్త గోడకు మేకులు కొట్టనివ్వనని మేస్త్రీ ముందే చెప్పాడు. అందుకని బోర్డులకు వేరే ఇల్లు చూడవలసి వచ్చింది.

అవి మామూలు రేకులు కావు. ఇనుము మీద గాజులాంటి పూత పోసినవి, పింగాణీ బోర్డులనేవాళ్లు. మామ పడుచుతనంలో కంపెనీల మనుషులు వచ్చి కొట్టిపోయినవి. ఒక దాని మీద సబ్బు, ఒక దాని మీద బీడీ కట్ట, ఇంకో దాని మీద బలం మందు తాగి బుగ్గలు పొంగిన పసివాడు. అన్నిటికంటే పెద్దది టీ బోర్డు. నా అంత ఎత్తుండేది. ఎర్రటి నేల మీద పసుపు చీర కట్టిన ఒకావిడ కప్పూ సాసరూ పట్టుకుని, ఎదుటివాళ్లకు ఇస్తున్నట్టు చెయ్యి చాపి, నవ్వుతూ ఉండేది. ఆమె కాళ్ల కింద తెల్లటి పట్టీలో మామ పెయింటరుతో మా దుకాణం పేరూ, అంగడి బజారూ, బాన్సువాడా రాయించాడు.

పాత ఇనుప సామానువాడు వచ్చి, పూత రాలగొట్టి తూకానికి తీసుకుంటానన్నాడు. అత్త ఒప్పుకోలేదు.

"సుత్తితోని మొఖాలు పలగ్గొడ్తడట! గిన్నేండ్లు మన గోడ మీద ఎండకెండి వానకు తడిసినోళ్లు. ఎవలకన్న పనికొచ్చేటోళ్లకియ్యి అల్లుడా. కని మొఖం గోడ దిక్కు పెట్టొద్దు, మట్టిల పెట్టొద్దు. ఒట్టేసినోళ్లకే ఇయ్యి."

రేకు ముక్క తీసుకోవడానికి ఒట్టు వెయ్యాలంటే జనం నన్ను ఎగాదిగా చూసేవాళ్లు. అయినా ఊరికే వస్తుంది కదా అని వేసేవాళ్లు. సబ్బు బోర్డు పిట్లంలో బస్సు ఆగే చోట హోటల్లో బల్లకు పైపలక అయింది. పసివాడు తండాలో ఒక అక్క ఇంటి కోళ్లగూటికి తలుపుగా వెళ్లాడు.

"మొఖం ఎటు దిక్కు పెట్టింది?" అని అడిగింది అత్త.

"బయటి దిక్కే అత్తా. నక్క ఒస్తే ముందుగాల వీన్నే సూస్తది."

టీ బోర్డు తీసుకున్నది కోటగిరి తోవలో కాలువ కింద పొలం కొనుక్కున్న కోస్తా రైతు. ఆయన ఎదురుపడ్డ ప్రతివాణ్ణీ బాబాయ్ అని పిలిచేవాడు, అందుకే మేమందరం ఆయన్ని బాబాయ్ అనేవాళ్లం. గొడ్ల సావిట్లో ఎండ పడుతోందని, అడ్డం పెట్టుకుంటానని చెప్పి, తన గేదె మీద ఒట్టేసి, బోర్డును ట్రాక్టరు మీద నిలబెట్టి తీసుకుపోయాడు. కొత్త కోడలిని సాగనంపినట్టే ఉంది. అత్త ట్రాక్టరు మలుపు తిరిగేదాకా చూసింది. నేను కళ్లు తుడుచుకున్నాను. పొగ కళ్లలోకి పోయింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా దుకాణానికి ఊళ్లో గిరాకీ తక్కువ. అంగడి రోజున కాలువ చివరి ఊళ్ల నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ల మీదే మా బతుకు. మామ ఉన్నప్పటి నుంచీ ఉప్పూ పప్పూ మా దగ్గరే కొనేవాళ్లు. వాళ్లు మొహం తిప్పుకుంటే కొత్త గోడ వెనక కూర్చుని నేనూ అత్తా ఒకరికొకరం ఉప్పు అమ్ముకోవలసిందే.

ఆ యాసంగి పంటకు వాళ్లకు నీళ్లు అందలేదు. వరి పొట్ట మీదుంది, ఇవాళో రేపో కంకి వెయ్యాలి, మళ్లు చూస్తే నెర్రెలు విచ్చాయి. అంగడికి వచ్చినవాళ్లు బేరం తక్కువ, తిట్లు ఎక్కువ చేశారు. వాళ్లలో పెద్దాయన ఒకడు, అందరూ పటేలా అని పిలిచే నెమ్మది మనిషి, కాగితం పొట్లం చంకలో పెట్టుకుంటూ అత్తతో అన్నాడు.

"ఇగ సూసుడు అయిపోయింది అవ్వా. పారలు పట్టుకోని కాలువెంబడి మీదికి నడుస్తం. నీళ్లెక్కడ ఆగినయో, గక్కడ మేమూ ఆగుతం."

అది వాళ్ల పద్ధతి. చివరి ఊళ్లకు నీళ్లు రాకపోతే ఆఫీసులకు వెళ్లరు. గట్టు పట్టుకుని పైకి నడుస్తారు. కాలువ అబద్ధం చెప్పదు, నీళ్లు ఎక్కడ ఆగాయో అక్కడ ఆపినవాడు ఉంటాడు. వాడికి ఆ రోజు ఎలా గడిచేదో నేను విని ఉన్నాను. వినడమే చాలనుకునేవాణ్ణి.

మర్నాడు పొద్దున అత్త నన్ను పిలిచి, బోర్డులు ఎట్లున్నాయో ఒకసారి చూసి రమ్మంది. పెండ్లి చేసి పంపిన బిడ్డల బాగోగులు అడిగినంత మామూలుగా అడిగింది. సైకిలెక్కి ముందుగా బాబాయ్ ఇంటికి పోయాను. గొడ్ల సావిడి అంతా వెతికాను. గేదె ఉంది, బోర్డు మీది ఆవిడ లేదు.

"ఆవిడిక్కడ లేదు నాయనా, కాలవ మీదుంది," అంది పిన్ని, అంటే బాబాయ్ భార్య, చల్ల చిలుకుతూ.

కాలువ మీద ఏం పని అనుకుంటూ వెళ్లాను. పొలానికి అవతల పిల్లకాలువ మీద బండ్లు దాటడానికి చిన్న మోరీ ఉంది. దాని సిమెంటు గోడల్లో అటూ ఇటూ గాళ్లు ఉన్నాయి, నీళ్లు ఆపాలంటే చెక్కలు దించడానికి. చెక్కలు ఎప్పుడో కుళ్లిపోయాయి. ఆ గాళ్లలో ఇప్పుడు టీ బోర్డు నిలబడి ఉంది. ఆవిడ వీపు వెనక నిండుగా నీళ్లు, అక్కడి నుంచి పక్కకు మళ్లి గలగలా బాబాయ్ మళ్లలోకి పోతున్నాయి. ఆవిడ ముందు బురద, ఎండ్రకాయలు, ఆ తర్వాత చివరి ఊళ్ల దాకా ఎండిన కాలువ. ఆ ఎండిన కాలువ వైపు తిరిగి, ఆవిడ నవ్వుతూ టీ చాపుతోంది. కాళ్ల దగ్గర మా దుకాణం పేరు, అంగడి బజారు, బాన్సువాడ. పూత మెరుస్తోంది. ఎంత దూరం నుంచైనా చదవొచ్చు.

కాలువెంబడి నడిచొచ్చేవాళ్లకు ముందుగా కనబడేది మా పేరే. బాబాయ్ గట్టు మీదే ఉన్నాడు.

"బాబాయ్! గొడ్ల సావిడన్నవ్ గదా?"

"అన్నాను, కట్టాను కూడా. ఆవిణ్ణి చూసి గేదె చేపడం మానేసింది అబ్బాయ్. కొత్త మనిషి ఎదురుగా నిలబడి కళ్లప్పగించి చూస్తుంటే పాలెలా ఇస్తుంది?"

"మరి మొఖం గటు దిక్కెందుకు పెట్టినవ్? నీళ్ల దిక్కు తిప్పితే రేకే కనవడుతుండె, పేరు కనవడకపోతుండె!"

"మాటిచ్చానా లేదా మీ అత్తగారికి? మొహం గోడకు పెట్టొద్దంది, మట్టిలో పెట్టొద్దంది. నీళ్లలో ముంచమందా? ఆడమనిషి మొహం నీళ్లలో ముంచుతావా అని మీ పిన్ని కూడా ఒకటే గోల. కనక ఇటు తిప్పాం. అయినా పేరు కనబడితే మంచిదేగా, మీ దుకాణానికి ప్రచారం."

పక్కవాళ్ల నీళ్లు ఆపొచ్చు గానీ ఇచ్చిన మాట తప్పకూడదు, అదీ ఆయన నీతి. కాదనడానికి నా దగ్గర తీరిక లేదు. పటేల్ మాట చెప్పాను. పారలు అన్న దగ్గర ఆయన మొహంలో రంగు దిగిపోయింది. అంతదాకా ధైర్యంగా ఉన్నవాడు భయపడితే మనకు కాస్త ఊరటగా ఉంటుందనుకునేవాణ్ణి. ఉండదు.

బోర్డు తీసెయ్యాలి, వాళ్లు వచ్చేలోగా తీసెయ్యాలి. పైన చిల్లులకు మోకు కట్టి బాబాయ్ మోరీ మీద నుంచి లాగేటట్టూ, నేను పొడి వైపు దిగి గడ్డపారతో గాళ్లలో నుంచి కదిలించేటట్టూ మాట్లాడుకున్నాం. అంటే ఆయన మాట్లాడాడు.

"నాకు ఈత రాదు బాబాయ్."

"ఈతెందుకు? నీ పక్క నీళ్లేవి? ఉన్నయ్యన్నీ అటు పక్కేగా!"

దిగాను. బురద పిక్కల దాకా వచ్చింది. బోర్డు నా ముక్కుకు ఆనేంత దగ్గర్లో ఉంది, దాని వెనక నా నెత్తి దాకా నీళ్లు. అంచుల వెంట సన్నగా చిమ్ముతున్నాయి. గడ్డపార పెట్టి ఎత్తినప్పుడల్లా రేకు కిర్రుమంటోంది. ఆ చప్పుడు చెవులకు వినబడలేదు, పళ్లకు వినబడింది. రేకు మధ్యలో నా వైపు పొంగి ఉందని అప్పుడు చూశాను. చెయ్యి ఆనిస్తే అవతల బరువు తెలిసింది, తలుపు అవతల ఎవరో భుజం ఆనించి తోస్తున్నట్టు. ఎగతాళి చేసుకుందామని ఏదో మాట వెతుక్కున్నాను. నోరు ఎండిపోయింది. నీళ్లు అంత దగ్గరగా ఉండి నోరు ఎండడం నాకు అదే మొదటిసారి.

అప్పుడు వెనక మాటలు వినబడ్డాయి. తిరిగి చూశాను. ఎండిన కాలువలో నుంచే నడిచి వస్తున్నారు. ముందు పటేల్, ఆయన వెనక భుజాల మీద పారలతో ఊరి మగవాళ్లు. పరిగెత్తుదామంటే వెనక బోర్డు, ముందు వాళ్లు, రెండు పక్కలా సిమెంటు. మోరీ కట్టినవాడికి నా సంగతి ముందే తెలిసినట్టుంది.

పటేల్ దగ్గరకొచ్చి, కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"నువ్వు అవ్వ దుకాన్ల కూసునే పిలగానివి గద?"

"కాదు," అన్నాను. నోటికి మొదట వచ్చిన మాట అదే.

ఆయన నన్ను చూశాడు, నా మోకాళ్ల పక్కనే ఉన్న దుకాణం పేరు చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. కాదన్న మాట ఎంతసేపు నిలబడాలో అంతసేపే నిలబడింది.

వెనక ఉన్న ఒక పడుచువాడు ముందుకొచ్చాడు. అందరికంటే ఎండిన మడి అతనిదేనట, తర్వాత తెలిసింది. "సూసిండ్రా? మన నీళ్లు బంద్ జేసి, మనకే ఛాయ్ ఇస్తుంది వీళ్లత్త! తాగుండ్రి, తాగుండ్రి!"

ఎవరూ నవ్వలేదు. పారలు భుజాల మీద నుంచి దిగాయి.

"అన్నా, ఛాయ్‌ల గూడ నీళ్లే ఉంటయి గదనే," అన్నాను నేను. ఎందుకన్నానో ఈ రోజుకీ తెలియదు. భయమేస్తే కొందరికి చెమట పడుతుంది, నాకు జోకు వస్తుంది. ఆ పడుచువాడు పార కర్రను ఈ చేతిలో నుంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

పైన బాబాయ్ ఏమనుకున్నాడో, తాను తీసేసేవాళ్ల వైపే ఉన్నట్టు కనబడాలనుకున్నాడేమో, ఒక్కసారి బలమంతా పెట్టి మోకు లాగాడు. బోర్డు గాళ్లలో నుంచి ఊడి పైకి లేచింది. ఎదురుగా ఉన్నవాళ్లు అది చూసి గట్టు మీదికి దూకారు.

నీళ్లు నన్ను వీపు మీద తన్నాయి. ఆ తర్వాత కాసేపు పైనా కిందా తెలియలేదు. ముక్కుల్లో, చెవుల్లో, నోట్లో బురదనీళ్లు. చచ్చిపోతున్నానని స్పష్టంగా తెలిసింది. అలాంటప్పుడు పెద్ద పెద్ద ఆలోచనలు వస్తాయంటారు. నాకు వచ్చింది ఒక్కటే, చెప్పులు గట్టు మీదే ఉన్నాయి, ఎవడైనా తొడుక్కుపోతాడేమో అని. అంతలో కడుపులో ఏదో గట్టిగా పొడుచుకుంది. రెండు చేతులా పట్టుకున్నాను. పార కర్ర. రెండో చివర పటేల్ ఉన్నాడు.

గట్టు మీద పడేశాక నేను దగ్గుతుంటే, వాళ్లు నన్ను చూడలేదు. తమ ఊళ్ల వైపు పరిగెడుతున్న నీళ్లను చూస్తున్నారు. ఆ నీళ్లతో పాటు కోపం కూడా పోతుందని ఆశపడ్డాను. పటేల్ నా వైపు తిరిగాడు.

"నీళ్లయితే పోయినయ్. మాట మిగిలింది. నడువు, మీ అత్తనడుగుదాం."

బాబాయ్ ట్రాక్టరు తీశాడు. తీయమని ఎవరూ అనలేదు, కాదనే ధైర్యమూ ఆయనకు లేదు. అందరం తొట్టిలో ఎక్కాం. బోర్డును నా ఒళ్లో పెట్టారు. బట్టలు ఒంటికి అంటుకుని వణుకుతున్నాను. చలికి అని చెప్పుకోవచ్చు గానీ ఎండ నెత్తి మీదుంది. దుకాణం మెట్టు ఇక ఎక్కేది లేదని వీళ్లు ఒక్క మాటంటే చాలు, అత్త బతుకు అక్కడితో అయిపోతుంది. బోర్డు ఊడదీసిన మొదటి రోజే ఆ సామానువాడి సుత్తికి అప్పగించి ఉంటే ఈ గొడవ ఉండేది కాదు. ఇదంతా ఆలోచిస్తూ నేను ఆవిడ మొహం మీద బురద తుడుస్తున్నానని కాసేపటికి గాని గమనించలేదు. బజారులో మమ్మల్ని చూసినవాళ్లు పెండ్లి ట్రాక్టరనుకుని పక్కకు జరిగారు.

సగం లేచిన గోడ ముందు, పరదా కింద బస్తాల మధ్య కూర్చుని ఉంది అత్త. తడిసి ముద్దయిన నన్ను చూసింది, బోర్డును చూసింది, పారలను చూసింది. కాదని చెప్పు అన్నట్టు నేను కళ్లతో సైగ చేశాను.

"అవ్వా, గీ బోర్డు నీదేనా?" అన్నాడు పటేల్.

"నాదే."

సైగలు చేయడం మానేశాను.

"మా నీళ్లకు అడ్డం పెట్టిండ్రు దీన్ని. నీకెరుకనా?"

"ఎరుక లేదు పటేలా. కని దాని మీదున్నది నా పేరే. పొట్ట మీదున్న వరికి నా పేరు అడ్డమొచ్చింది. ఎరుక లేదంటే మీ మళ్లు తడుస్తయా?"

బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, మొహం మాత్రం నీళ్లలో..."

"మొఖం సంగతి ఇడిసిపెట్టు అన్నా."

ఆ పడుచువాడు పార నేలకు కొట్టాడు. "గిదంతెందుకు? ఇగ ఈ దుకాన్ మెట్టెక్కం, ఖతం!"

మెట్టు ఇంకా కట్టనే లేదని నాకు నోటిదాకా వచ్చింది. ఆ రోజు నేను మింగిన వాటిలో అదొక్కటే నీళ్లు కానిది.

అత్త మొహం పాలిపోయింది. ఆమెకూ భయం వేస్తుందని నేను అప్పటిదాకా అనుకోలేదు. పమిట కొంగు వేళ్లకు చుట్టుకుంటూ కాసేపు బోర్డునే చూసింది.

"దీన్ని మీరే కొంటవోండ్రి," అంది చివరికి. "మీ ఊరి తూము కాడ, నీళ్లల్ల నిలవెట్టుండ్రి, అందరికీ కనవడేటట్టు. నీళ్లు ఆమె చేతిల కప్పు దాకా ఉన్నయంటే మీ వంతు మీకొచ్చినట్టు. తక్కువున్నయంటే నా దగ్గరికి రాండ్రి. కాలువ మీదున్నోళ్లు గూడ అప్పుడప్పుడు మా దుకాన్ల కొంటరు. నేనడుగుత."

ఒక కిరాణా దుకాణం కాలువ బాధ్యత నెత్తికెత్తుకోవడం నేను అంతకుముందు చూడలేదు. పటేల్ బాబాయ్ వైపు చూశాడు.

"కప్పు దాకా అంటే ఎక్కువండీ," అన్నాడు బాబాయ్ మెల్లగా. "సాసరు దాకా అనుకుందాం."

"కప్పుకు సాసరుకు బెత్తెడు ఫరక్. ఆ బెత్తెడు నీళ్లతోనే నా మడి పండుతది," అన్నాడు ఆ పడుచువాడు.

"పోనీ, సాసరు పై అంచు..."

"కప్పు," అన్నాడు పటేల్. వెనక నలుగురు పారలు సర్దుకున్నారు. బాబాయ్ కప్పుకు ఒప్పుకున్నాడు.

పటేల్ బస్తాలను చూస్తూ నిలబడ్డాడు. అత్త ఆయన చేతులనే చూస్తోంది.

"ఉప్పున్నదా?" అన్నాడు పటేల్.

"ఉన్నది," అంది అత్త. ఆ మాట సగమే బయటికొచ్చింది.

ఆయన ఉప్పు తీసుకున్నాడు. ఇంకొందరు అగ్గిపెట్టెలు, ఆకు వక్క తీసుకున్నారు. ఆ పడుచువాడు ఏమీ తీసుకోలేదు. బోర్డుకు ఒక చివర భుజం పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

వచ్చే అంగడి దాకా అత్తా నేనూ అన్నం తింటున్నట్టు నటించాం. అంగడి రోజు పొద్దున బండ్ల చప్పుడు వినబడేదాకా ఆమె దుకాణం ఊడ్చింది, ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చింది. బండ్లు వచ్చాయి. అందరి తర్వాత ఆ పడుచువాడు వచ్చి, గోడకు బయటే నిలబడ్డాడు. సరుకు అడగలేదు, నన్ను చూడలేదు.

"అవ్వా, కప్పుకు బెత్తెడు తక్కువున్నయ్," అన్నాడు. "పొద్దుగాల్నే సూసొచ్చిన."

"అట్లనా? లోపలికి రా బిడ్డా, కూసో," అంది అత్త. అతను ఒక్క క్షణం తటపటాయించి లోపలికొచ్చి బస్తా మీద కూర్చున్నాడు. "పప్పు గూడ కట్టియ్యి. పావుసేరు," అన్నాడు నేల చూస్తూ.

అత్త త్రాసు అందుకుంది. ఊపిరి పీల్చుకుందని ఆమె భుజాలు చూస్తే తెలిసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"సైకిల్ తియ్యి అల్లుడా. మీదికి పోయి ఎవలు ఆపిండ్రో సూసి, ఇడవమని చెప్పి రా."

మీద పొలాల్లో కూడా పారలు ఉంటాయి. బయటికి వెళ్లి, టైర్లలో గాలి లేదేమోనన్న ఆశతో రెండూ నొక్కి చూశాను. నిండుగా ఉంది.